ఆ టేపు ముక్క అతికించింది నేనే

"టూరింగ్ కార్ రేసుల్లో పిట్ లేన్‌లో ఒకటి రెండు కిలోమీటర్లు ఎక్కువైతే డ్రైవ్-త్రూ వేస్తున్నరు. కలిసొచ్చేది అర సెకను, పోయేది ఇరవై సెకన్లు. ఇది న్యాయమేనా?" అని అడిగిన తమ్ముడు 2017 ఆస్ట్రేలియా న్యూక్యాసిల్ రేసు చూసి మనసు కష్టపెట్టుకున్నట్టున్నడు. దాని సంగతికి తర్వాత వస్త. తెల్వనోళ్ల కోసం ఒక మాట: టూరింగ్ కార్లంటే రోడ్డు మీద తిరిగే కార్లనే రేసుకు మార్చినవి. పిట్ లేన్ అంటే రేసు నడుమ టైర్లు మార్చేటందుకు కార్లు వచ్చి ఆగే పక్క బాట, అండ్ల స్పీడ్‌కు లిమిట్ ఉంటది. డ్రైవ్-త్రూ అంటే ఆగకుంట ఆ బాటల ఆ లిమిట్ మీదనే ఒకపారి పోయి రావాలె అనే శిక్ష. ముందుగాల నా జవాబు చెప్త. శిక్ష పడుడు న్యాయమే. ఎంత శిక్ష అన్న కాడనే నాకు పేచీ ఉన్నది. ఇది కుర్చీల కూసొని చెప్పే మాట కాదు. ఒకపారి మా కారుకు ఆ శిక్ష పడ్డది, పడేటట్టు చేసింది నేనే.

హనుమకొండల ఐటీఐ అయినంక వరంగల్ ఆటోనగర్‌ల ఒక షెడ్డుల పని నేర్చుకున్న. మా ఉస్తాద్‌కు చెన్నైల ఒక ట్యూనింగ్ గ్యారేజ్ వాళ్లతోని దోస్తానా ఉండె. రేసుల సీజన్‌ల మనుషులు చాలకపోతే ఆయనను పిలిచేటోళ్లు, ఆయన నన్ను తోలుకపోయేటోడు. కాజీపేటల రైలెక్కి పొద్దుగాల చెన్నైల దిగి, అక్కడికెళ్లి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. అట్ల రెండు సీజన్లు టైర్లు మోసిన, పెట్రోల్ క్యాన్లు మోసిన, తిట్లు సుత మోసిన.

మా కారు పాత హోండా సిటీ. లోపల సీట్లు, ఏసీ, డోర్ ప్యాడ్లు అన్నీ పీకేసి ఇనుప పైపుల కేజ్ వెల్డింగ్ చేసినది. టీవీల మీరు చూసే కార్లకు స్టీరింగ్ మీద పిట్ లిమిటర్ బటన్ ఉంటది, నొక్కితే ఇంజనే ఆ స్పీడ్ దాటనియ్యదు. మా దానికి అసొంటి భోగం లేదు. స్పీడోమీటర్ సుత లేదు, పాత డ్యాష్‌బోర్డ్‌తోని పాటే పోయింది. ఉన్నది ఒక్క ఆర్‌పీఎం మీటర్, నిమిషానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతదో చూపెట్టేది. సెకండ్ గేర్‌ల ముల్లు ఎక్కడుంటే బండి 60 మీద, అంటే అక్కడి పిట్ లిమిట్ మీద ఉంటదో ముందుగాల కొలుసుకొని, ఆ మీటర్ అద్దం మీద తెల్ల టేపు సన్నగ కోసి అతికిస్తం. డ్రైవర్ పిట్ గీత కాడికి రాంగనే సెకండ్‌ల వేసి ముల్లును టేపు దాటకుంట పట్టుకోవాలె. అదే మా లిమిటర్.

ఆ వారం టేపు పని ఉస్తాద్ నాకు అప్పజెప్పిండు. శుక్రవారం ప్రాక్టీసుల జీపీఎస్ లాగర్ పెట్టి చూసిన, 60 కిలోమీటర్లకు ముల్లు 4,200 కాడ నిలబడ్డది. అక్కడ టేపు అతికించిన. రెండు మూడు సార్లు డ్రైవర్‌ను అడిగి సరిజూసుకున్న. చానా జాగ్రత్తగ చేసిన అనుకున్న.

ఆదివారం ఇద్దరు డ్రైవర్ల రేసు. నడుమ ఒక స్టాప్ తప్పనిసరి, అప్పుడు డ్రైవర్ మారాలె. ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండి కాబట్టి ముందు టైర్లు తొందరగ అరుగుతయి, అందుకే అదే స్టాప్‌ల వాటిని సుత మార్చినం. లోపటికి వచ్చిన బండికి ఏ లొల్లి లేదు. కొత్త టైర్లతోని బయటికి పోయేటప్పుడు పట్టుకున్నరు. కాగితం మీద 62 అని పడ్డది. రెండో స్థానంల ఉన్న మేము డ్రైవ్-త్రూ చేసి, ఆరో స్థానంల రేసు ముగించినం. ఆ డ్రైవ్-త్రూల సుత మా డ్రైవరన్న భయంతోని ముల్లును టేపు కింద ఎక్కడో పట్టుకొని 50 మీద పోయిండు, ఇంకో మూడు నాలుగు సెకన్లు అక్కడ పోయినయి.

హెల్మెట్ తీసుడుతోనే నా దిక్కు వచ్చిండు. "ఏం అతికించినవ్‌రా నువ్వు? టేపా, బొట్టు బిళ్లా?" అన్నడు. నాకు అప్పటికింకా ఏం తప్పు చేసిన్నో తెల్వదు. ఉస్తాద్ పాత టైరు, కొత్త టైరు పక్కపక్కన నిలబెట్టి నన్ను వాటి నడుమ కూసోబెట్టిండు. అరిగిన టైరు మీద రబ్బరు కొత్తదాని కన్న 4 మిల్లీమీటర్లు తక్కువున్నది. అంటే చక్రం అడ్డం కొలిస్తే 8 మిల్లీమీటర్లు తేడా. మా సైజు టైరు అడ్డం 57 సెంటీమీటర్ల పైచిలుకు. తేడా వంతున చూస్తే 1.4 శాతం వస్తది. ఇంజన్ అన్నే చుట్లు తిరుగుతది, చక్రం అన్నే చుట్లు తిరుగుతది, కానీ ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతది. శుక్రవారం నేను 60 అని కొలిచింది ఆదివారం కొత్త టైరు మీద 60.8 అయ్యింది. దానికి తోడు నేను కోసిన టేపు వెడల్పు మీటర్ మీద 100 ఆర్‌పీఎం అంత ఉన్నది. ముల్లు టేపు కింది అంచు కాడ ఉన్నా, పై అంచు కాడ ఉన్నా డ్రైవర్‌కు టేపు మీద ఉన్నట్టే కనిపిస్తది. ఆ వెడల్పే ఒకటిన్నర కిలోమీటర్ల దాంక మింగుతది. రెండు కలిపితే 62.

"నిరుటి కొలతకు ఈ యేడు అంగీ కుట్టినవ్ పో" అన్నడు ఉస్తాద్. కొట్టలేదు, అది నయం.

ఆయన స్టీవార్డుల, అంటే రేసు తీర్పులు చెప్పేటోళ్ల కాడికి పోయి "కొత్త టైర్లు సార్" అన్నడు. వాళ్లు కాగితం చూపెట్టి "అరవై రెండు" అన్నరు. అంతకు మించి మాట నడవలేదు. ఎందుకైంది అన్నది వాళ్లకు అక్కర లేదు. వచ్చేటప్పుడు రైల్ల నేను ఇదే లెక్క పదిసార్లు కట్టిన. 300 మీటర్ల పిట్ లేన్‌ను 60 మీద దాటితే 18 సెకన్లు, 62 మీద దాటితే 17.4. మేము దాటింది బయటికి పోయే సగమే కాబట్టి మాకు కలిసొచ్చింది 0.3 సెకను. పోయింది డ్రైవ్-త్రూకు పన్నెండు, పదిహేను సెకన్లు. కావాలని చేసింది సుత కాదు. తమ్ముడు, నువ్విప్పుడు ఏ లెక్క చెప్తున్నవో నేను అప్పుడు రైల్ల అదే చెప్పిన. ఉస్తాద్ విని అటు తిరిగి పండుకున్నడు.

మరుసటి సీజన్ నాకు ప్రమోషన్ వచ్చింది, ఎడమ ముందు చక్రం నాది. అప్పుడు తెలిసింది ఈ లెక్కల నేను ఒక మనిషిని పట్టించుకోలేదని. మోకాళ్ల మీద కూసొని, మొకం చక్రం దిక్కు, వీపు పిట్ లేన్ దిక్కు పెట్టి నట్లు విప్పే మనిషిని. 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. పిట్ లేన్ పక్కన ఒక్కో టీము షెడ్డు అయిదు మీటర్ల వెడల్పు అనుకుంటే ఒక్క సెకనుల మూడు షెడ్లు దాటుతది. హనుమకొండ చౌరస్తాల బైకు మీద 60 పోతే ఏం అనిపించదు. కింద కూసొని వీపు వెనకాల 60 పోతే, ఆ గాలికి అంగీ వీపుకు అంటుకుంటది.

ఒకపారి ఎయిర్ గన్ పైపు మా గీత దాటి జానెడు బయట పడి ఉన్నది. నేను చూస్కోలేదు. అవతలి షెడ్డు కారు దాని మీదికెళ్లి పోయింది. పైపు గుంజుకొని గన్ నా చేతులకెళ్లి లేచి మోకాలి కింద ఎముక మీద కొట్టింది. మచ్చ ఇంక ఉన్నది. ఆ కారు లిమిట్‌లనే ఉన్నది, డ్రైవర్ తప్పు రవ్వంత లేదు, పైపు పారేసుకున్నది నేనే. సక్కగ 60 మీద పోయిన బండే అంత పని చేసింది.

అసలు ఈ రూల్ సెకన్ల కోసం పుట్టింది కాదు. అమెరికా నాస్కార్ కార్ రేసులల 1990 నవంబర్‌ల అట్లాంటా రేసుల ఒక కారు పిట్‌ల తిరిగి గుద్దితే టైర్లు మార్చే మనిషి చనిపోయిండు. 1991ల పిట్ రోడ్డుకు స్పీడ్ లిమిట్ పెట్టిండ్రు. ఫార్ములా వన్‌ల 1994 ఇమోలా రేసుల మికేలె ఆల్బొరెటో మినార్డీ కారుకు పిట్ లేన్‌ల చక్రం ఊడి ఉరికి మెకానిక్‌లను గుద్దింది. అటెనుక అక్కడ సుత లిమిట్ వచ్చింది. అందుకే "నాకు అర సెకను కూడ కలిసిరాలేదు కద" అనేది ఈ కేసుల జవాబే కాదు. కలిసొచ్చిందా లేదా అని ఎవరూ అడగలేదు.

మరి ఒకటి రెండు కిలోమీటర్ల వెసులుబాటు ఇస్తే ఏం పోతది అంటరా? ఇచ్చి చూసిండ్రు. నాస్కార్ కార్లకు స్పీడోమీటర్ ఉండదు, మా సిటీ లెక్కనే ఆర్‌పీఎం చూసుకొని పోతరు. అందుకని లిమిట్ మీద 5 మైళ్లు వదిలేస్తరు. 2009ల ఇండియానాపొలిస్‌ల బ్రిక్‌యార్డ్ 400 రేసు, 160 ల్యాప్‌లల 116 ల్యాప్‌లు హువాన్ పాబ్లో మోంటోయానే ముందున్నడు. పిట్‌ల లిమిట్ 55 మైళ్లు, వెసులుబాటు కలిపితే 60. ఆయనవి ఒక కాడ 60.06, ఇంకో కాడ 60.11 పడ్డయి. శిక్ష పడ్డది, 11వ స్థానంల ముగించిండు. పెండ్లాం పిల్లల మీద ఒట్టేసి నేను స్పీడ్ పోలేదు అని రేడియోల మొత్తుకున్నడు. ఆయన అబద్ధం చెప్పిండని నేను అనుకోను. కానీ లిమిట్ 55 ఐతే 60 కాడ ఎందుకున్నడు? అయిదు ఇస్తే అయిదూ వాడుకుంటరు కాబట్టి. పది ఇచ్చినా అంతే, 65.06 కాడ దొరికేటోడు. వెసులుబాటు పెంచితే కొట్లాట ఆగదు, గీత ఇంకో కాడికి జరుగుతది, చక్రం కాడ కూసున్నోని వెనకాల బండ్లు ఇంత జోరుగ పోతయి.

కొలుసుడు గురించి సుత ఒక మాట. చానామంది రాడార్ గన్ అనుకుంటరు, కొన్ని కాడ అదే. పెద్ద రేసుల్లో చానా వరకు కారుల సిగ్నల్ పంపే చిన్న ట్రాన్స్‌పాండర్ ఉంటది, పిట్ లేన్ కింద తీగల లూప్‌లు ఉంటయి. ఒక లూప్‌కెళ్లి ఇంకో లూప్‌కు ఎంత సేపట్ల వచ్చిందో చూసి దూరాన్ని భాగిస్తరు. అంటే సరాసరి స్పీడ్. దీంట్ల ఒక చిలిపితనం ఉన్నది. రెండు లూప్‌ల నడుమ నీ షెడ్డు ఉంటే, అక్కడ బండి ఆగుతది కాబట్టి ఆ ముక్కల సరాసరి ఎట్లైనా తక్కువే వస్తది. ఆగే ముందు, ఆగినంక ఎంత ఉరికినా లెక్కల పడదు. తెలివైన టీములు దీన్ని మస్తు వాడుకున్నయి. ఒకడు 0.06కు దొరికి, ఇంకొకడు షెడ్డు ఉన్న జాగను బట్టి తప్పించుకుంటే, దాన్ని మాత్రం నేను అన్యాయమే అంట. లూప్‌లు దగ్గర దగ్గర వేస్తే సగం పేచీ పోతది. ప్రాక్టీసుల నీ బండికి అధికారుల లూప్ మీద ఎంత పడ్డదో కాగితం ఇస్తే, మాలాంటి టేపు గాళ్లకు మిగతా సగం పోతది.

ఇగ న్యూక్యాసిల్. ఆస్ట్రేలియా సూపర్‌కార్స్, 2017 సీజన్ ఆఖరి రేసు. అక్కడ పిట్ లిమిట్ 40 కిలోమీటర్లు. స్కాట్ మెక్‌లాఫ్లిన్ పాయింట్లల ముందున్నడు, పోల్, అంటే అందరికన్న ముందు జాగ మీదికెళ్లి మొదలుపెట్టిండు. మొదటి స్టాప్‌లనే పిట్ లేన్ స్పీడింగ్, డ్రైవ్-త్రూ. ఎనకకు పడ్డడు. గుంపులకెళ్లి పైకి వచ్చుకుంట ఇంకో రెండు సార్లు వేరే కార్లను తాకిండు, రెండిటికీ శిక్షలు పడ్డయి. చివరికి 18వ స్థానం. జేమీ వింకప్ 21 పాయింట్ల తేడాతోని ఏడో టైటిల్ ఎత్తుకపోయిండు. తాకిన రెండూ ఆయన డ్రైవింగే, వాటికి సాకులు లేవు. కానీ ఆ మొదటిది లేకుంటే ఆయన ఆ గుంపుల ఉండేటోడే కాదు. మరుసటి ఏడు అదే న్యూక్యాసిల్‌ల టైటిల్ కొట్టిండు కాబట్టి ఆయన గురించి నువ్వు అంత బాధపడకు.

నా పేచీ ఇక్కడనే ఉన్నది. డ్రైవ్-త్రూ అంటే ఇన్ని సెకన్లు అని లేదు. 400 మీటర్ల పిట్ లేన్‌ను 40 మీద దాటితే 36 సెకన్లు, 60 మీద దాటితే 24. ఒకే తప్పుకు ఒక ట్రాక్ మీద ఇంత, ఇంకో ట్రాక్ మీద అంత. రేసు పొడుగును బట్టి సుత మారుతది. బాథర్స్ట్ లాంటి 161 ల్యాప్‌ల రేసుల మొదట్ల డ్రైవ్-త్రూ పడితే, సేఫ్టీ కారు (ప్రమాదమైతే ముందటికి వచ్చి అందరినీ మెల్లగ నడిపించి గుంపు చేసేది) ఒకటి రెండు సార్లు వస్తే మల్ల అందుకోవచ్చు. చిన్న రేసుల పడ్డదంటే ఆ రోజు దుకాణం బందే. ఒకటిన్నర కిలోమీటర్లు దాటినోనికి, పదిహేను దాటినోనికి ఒకే డ్రైవ్-త్రూ వేస్తే చక్రం కాడి మనిషికి ఎవడు ఎక్కువ ప్రమాదమో ఆ రూల్‌కు తెల్వదన్నట్టే.

మన చలానాల లెక్క. స్టేషన్ ఘన్‌పూర్ దాటినంక నాకు ఒకపారి ఫోటో పడ్డది, లిమిట్ కన్న ఆరు కిలోమీటర్లు ఎక్కువ, 1,035 రూపాయలు. మా బావమరిది అదే రోడ్డు మీద 130 దాటి పోయిండు, ఆయనకూ 1,035. ఇద్దరం ఒక్క తీరు దొంగలమే అయినం. పైంగ ఆయన కట్టకుంట కూసొని, 2023 డిసెంబర్‌ల కార్లకు 60 శాతం రాయితీ ఇచ్చినప్పుడు కట్టిండు. నేను ముందే కట్టిన. ఇంట్ల ఇప్పటికీ నవ్వుతరు. డ్రైవ్-త్రూకు రాయితీలు ఉండవు, ఆ ఒక్క విషయంల రేసే నయం.

ఫార్ములా వన్ వాళ్లు దీన్ని కొంచెం మంచిగ చేసిండ్రు అనిపిస్తది. ప్రాక్టీసుల పిట్ లేన్ స్పీడ్ దాటితే ఒక్కో కిలోమీటర్‌కు 100 యూరోలు, 1,000 దాంక. రేసుల చిన్నగ దాటితే 5 సెకన్లు కలుపుతరు. ఏ ట్రాకైనా 5 సెకన్లంటే 5 సెకన్లే. అది చిన్న శిక్ష అనుకోవద్దు, 2023ల జాండ్వూర్ట్‌ల సెర్జియో పెరెజ్ మూడో స్థానంల గీత దాటిండు, ఈ 5 సెకన్లతోని ఆ మూడో స్థానం పియర్ గ్యాస్లీకి పోయింది.

కొందరంటరు, 5 సెకన్లే ఐతే టీములు లెక్క కట్టుకొని కావాలనే దాటుతయి అని. నాకు ఆ భయం లేదు. రెండు కిలోమీటర్లు ఎక్కువ పోతే పిట్ లేన్ మొత్తం మీద అర సెకను వస్తది. అర సెకను కోసం 5 సెకన్లు ఇచ్చే మూర్ఖుడు ఏ టీమ్‌ల లేడు. కాబట్టి రెండు కిలోమీటర్ల దాంక 5 సెకన్లు, ఆ మీద డ్రైవ్-త్రూ, మరీ పదిహేను, ఇరవై దాటితే రేసు నుంచే తీసేసుడు. నన్ను అడిగితే ఇట్ల పెడత. టేపు వెడల్పుకు ఒక శిక్ష, తలపొగరుకు ఒక శిక్ష. మేము ఆరోజు దాటింది రెండే, 5 సెకన్లు పడితే మూడో స్థానమన్న దక్కేది. ఇది నా స్వార్థం అనుకుంటే అనుకోండ్రి.

ఒకటి మాత్రం ఒప్పుకోను. "కావాలని చేయలేదు కాబట్టి వదిలేయాలె" అనేది. 2023 ఫిబ్రవరిల హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల 'ఫార్ములా-ఈ' రేసు జరిగినప్పుడు సెబాస్టియన్ బ్యూమీ మూడో స్థానం పోయింది, కారు అనుమతించిన దాని కన్న ఎక్కువ పవర్ వాడిందని. ఆయన కావాలని నొక్కిండా, సాఫ్ట్‌వేర్ చేసిందా అని స్టీవార్డులు మనసుల దూరి చూడలేరు. వాళ్ల కాడ ఉన్నది ఒక్క నంబర్. మా ఉస్తాద్ "కొత్త టైర్లు సార్" అంటే వాళ్లు నమ్మిండ్రనుకో, వచ్చే వారం ట్రాక్ మీద ఉన్న ప్రతి కారుకూ కొత్త టైర్లే ఉంటయి.

తమ్ముడు, నువ్వు ఏ కాలేజీ టీమ్‌లనో, క్లబ్ టీమ్‌లనో పని చేసేటోనివైతే ఒక్కటి రాసిపెట్టుకో. టేపు పెట్టేటప్పుడు స్టాప్‌ల ఎక్కించబోయే కొత్త టైరు మీద కొలువు, వేడెక్కినంక గాలి పెరిగిన టైరు మీద కొలువు. టేపు ఎంత సన్నగ కోస్తే అంత మంచిది. లిమిట్ టేపు పై అంచుకు రావాలె, కింది అంచుకు కాదు.

తర్వాతి రేసుకు నేను అట్లనే పెట్టిన. బ్లేడుతోని దారం అంత సన్నగ కోసి, పై అంచు 59 కాడ. డ్రైవరన్న కూసొని మీటర్ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, ఏం అనలేదు. రేసు అయినంక టైమింగ్ రూమ్ గోడకు అతికించిన కాగితం కాడికి నన్ను తోలుకపోయి మా నంబర్ మీద వేలు పెట్టిండు. 58.

"ఇప్పుడు బొట్టు సక్కగ పెట్టినవ్‌రా" అన్నడు.